టాల్‌స్టాయి – కోపము

కోపము మంచిది కాదని మనకు ఒకరు చెప్పనక్కరలేదు. చిన్ననాడు వల్లించిన శతకములలోనే ఆ మాట చదివినాము. అయినను ఇంటిలో ఎవరో ఒకరిపై కోపించని దినము మనకుండదు. అడిగినచో, "ఊరక వచ్చునా కోపము? కారణమున్నది" అందుము. ఈ "కారణము" అను మాటను గూర్చియే తీవ్రముగా ఆలోచించిన మహారచయిత యొకడు కలడు. ఆయన రష్యా దేశపు లియో టాల్‌స్టాయి. ఆయన బోధ కంటె ఆయన జీవితము మనకు ఎక్కువ చెప్పును.

టాల్‌స్టాయి 1828లో జన్మించెను. 1861లో ఒకనాడు, కవియగు ఫెత్ ఇంటిలో, ప్రసిద్ధ నవలాకారుడగు తుర్గేనెవ్‌తో కలిసి ఉదయపు ఫలాహారమునకు కూర్చుండెను. తుర్గేనెవ్ ఆయన కంటె పదేండ్లు పెద్ద. తన కుమార్తె బీదల చిరుగు బట్టలు తెచ్చి స్వయముగా కుట్టి యిచ్చుచున్నదని, ఆమెకు చదువు చెప్పు దొరసాని అట్లు నేర్పుచున్నదని తుర్గేనెవ్ సంతోషముతో చెప్పెను. చక్కగా అలంకరించుకొన్న పిల్ల ఒడిలో మురికి గుడ్డలు పెట్టుకొని కూర్చుండుట నాటకమువలె నున్నదని టాల్‌స్టాయి అనెను. తండ్రి మనసు గాయపడెను. మాట మీద మాట పెరిగి, కొట్టుదు నన్నంతవరకు వచ్చెను.

క్షమాపణ వ్రాసి పంపుమని టాల్‌స్టాయి కబురుచేసెను. తుర్గేనెవ్ వ్రాసెను; కాని ఆ జాబు వేరొక చోటికి పోయి, చేరుట ఆలస్యమయ్యెను. ఈలోపల కోపము రెట్టింపై, తుపాకులతో ద్వంద్వయుద్ధమునకు రమ్మని టాల్‌స్టాయి మరియొక జాబు పంపెను. యుద్ధము జరుగలేదు. కాని పదునేడేండ్లు ఆ యిద్దరి నడుమ స్నేహము లేకపోయెను. మాట విసరుటకు పట్టినది క్షణకాలము.

1878లో టాల్‌స్టాయియే ముందుగా జాబు వ్రాసెను. తన మనసులో ఇప్పుడు వైరము లేదని, తనవలన జరిగిన తప్పులను మన్నింపుమని కోరెను. ఆనాటి వాదములో ఎవరిది న్యాయమని తిరిగి తవ్వలేదు. ఆ యేడే తుర్గేనెవ్ టాల్‌స్టాయి స్వస్థలమగు యాస్నాయా పోల్యానాకు అతిథిగా వచ్చెను. 1883లో మరణశయ్యపై నుండి, సాహిత్యమునకు తిరిగి రమ్మని టాల్‌స్టాయిని వేడుకొనుచు జాబు వ్రాసెను. పదునేడేండ్ల మౌనము ఒక్క ఉత్తరముతో కరగినది.

తరువాత 1884లో ముగించిన "నా విశ్వాసము" అను గ్రంథమున టాల్‌స్టాయి క్రీస్తు బోధను వివరించుచు, కోపింపకుడనునదే మొదటి ఆజ్ఞ యనెను. సువార్తలో "కారణము లేక కోపించువాడు" అనుచోట "కారణము లేక" అను మాట మూలములోనిది కాదనియు, తరువాతివారు చేర్చినదనియు వాదించెను. ఏలయన, తన కోపము అకారణమని తలచు మనుష్యుడు లోకములో లేడు. ఆ మాట యున్నచో ప్రతివానికిని తప్పించుకొను దారి దొరకును.

ఇంత తెలిసిన వాని యింటిలో ఏమి జరిగినది? 1862లో ఆయన పదునెనిమిదేండ్ల సోఫియాను వివాహమాడెను. ఆమె పదుమువ్వురు బిడ్డలను కనెను. "యుద్ధము – శాంతి" చిత్తుప్రతులను తన చేతితో మరల మరల శుభ్రముగా వ్రాసి యిచ్చెను. కాలక్రమమున ఆయన ఆస్తిని, గ్రంథముల మీది హక్కులను వదలుకొన గోరెను. బిడ్డల గతి యేమని ఆమె యడిగెను. ఇరువురి కోపమునకును కారణమున్నది. ఇరువురును దినచర్యలు వ్రాసిరి. ఒకరిది ఒకరు చదివిరి. ఎదుట కూర్చుండి నెమ్మదిగా చెప్పవలసిన మాట కాగితముపై కంటబడి, గాయమును మరింత లోతు చేసెను.

1910లో, ఎనుబది రెండేండ్ల వయసున, ఆయన ఒక రాత్రి ఇల్లు విడిచెను. నలువది యెనిమిదేండ్ల కాపురమునకు కృతజ్ఞత చెప్పుచు భార్యకు ఒక జాబు వ్రాసి యుంచెను. ఆమె దానిని చదువునప్పటికి ఆయన రైలులో దూరము పోయి యుండెను. దారిలో జబ్బుపడి, అస్తాపొవో స్టేషనులో దిగి, స్టేషను మాస్టరు ఇంటిలో పడుకొనెను. ఆమె పరుగున వచ్చెను. కాని చుట్టునున్నవారు లోనికి రానీయలేదు. కడపటి గడియలలో, ఆయనకు స్పృహ తప్పిన పిమ్మట మాత్రమే ఆమెను రానిచ్చిరి. నవంబరు 20వ తేదీన ఆయన మరణించెను.

మిత్రునికి వ్రాసిన జాబు వేళ మించక ముందు చేరినది. భార్యకు వ్రాసినది వేళ మించి చేరినది. మనలో దినచర్య వ్రాయువారు కొలదిమందియే. కాని మనసులో దినచర్య వ్రాసికొనని వారెవరు? ఫలానినాడు ఇట్లనెను, ఫలానినాడు అట్లు చేసెను అని తేదీలతో సహా పదిలపరచుకొందుము. మన కోపమునకు కారణము లేదని ఎవరును అనలేదు. అది రుజువు చేయుటకు ఎన్నేండ్లు వెచ్చింతుమన్నదే ప్రశ్న. బాధను బాధగా, నిందగా కాక, ఆ పూటకాపూట ఎదుటివారితో చెప్పుకొందము. తప్పు మనవైపు ఆవగింజంత యున్నను, దానిని మనమే ముందుగా ఒప్పుకొందము. ఒకే కప్పు క్రింద నున్నవారికి ఆ మాట చేరుటకు తపాలా అక్కరలేదు.