చేపతలల వినియోగము

ఆదివారము తెల్లవారుజామున సికింద్రాబాదు రాంగోపాల్‌పేట చేపల బజారునకు పోయినవారు ఒక సంగతి గమనించియే యుందురు. ముక్కలు కొనువాని సంచిలోనికి పోవును. పొలుసులు, మొప్పలు, పేగులు, తలలు ప్రక్కనున్న డబ్బాలో పడును. ఆ డబ్బావంక ఎవ్వరును చూడరు. మేమును చాలకాలము ముక్కు మూసికొని దాటిపోయినవారమే.

రొయ్యలో తల, పెంకు కలిసి నూటికి 40 పాళ్ళు మించుటయు కలదు. ఇట్టి వ్యర్థమును ఉడికించి, నీరును నూనెయు పోవునట్లు పిండి, ఎండబెట్టి దంచినచో పశువులకు, కోళ్ళకు పనికివచ్చు పిండి యగును. చేపలైనచో సుమారు 5 టన్నుల పచ్చి సరకునకు 1 టన్ను పిండి వచ్చును. మేలురకపు చేపపిండిలో నూటికి 60 పాళ్ళకు పైగా మాంసకృత్తులుండును. తలలు, ముళ్ళు హెచ్చైనకొలది మాంసకృత్తులు తగ్గి సున్నము, భాస్వరము పెరుగును. మొక్కజొన్నలో కొరవడు లైసీను, మెథియోనీను చేపలో పుష్కలము.

పెరూ సముద్రమున 1972లో నీరు వేడెక్కి చేపలు కరవైనపుడు ప్రపంచమందంతటను ఈ పిండి ధర మండిపోయినది. నాటినుండి దాణా చేయువారు సోయాచిక్కుడు వైపు మరింతగా మొగ్గిరి. అయినను చేపల చెరువులకు, రొయ్యల చెరువులకు చేపపిండి నేటికిని కావలసియే యున్నది.

ఇక మా అనుభవము. ఒక పర్యాయము చవుకగా దొరకినదని ఎండుచేపల పొడి తెచ్చి పెరటిలోని పండ్రెండు కోడిపిల్లలకు పెట్టితిమి. రెండు దినములు అవి నీటిమూకుడును వదలలేదు, రెట్టలు నీళ్ళయ్యెను. మూడవనాటికి ఏడు పోయినవి. ఇంటి పిల్లలు మిగిలినవానిని గంట గంటకు లెక్కించుచుండిరి. దోషము చేపది కాదు, ఉప్పుది. తినుటకు పనికిరాని ఉప్పుచేపలను దంచి ఆ పొడి చేసినారట! కొనుటకు ముందు నాలుకకు తాకించియుండిన తెలిసెడిది. గ్లాసెడు నీటిలో కలిపి చూచినచో ఇసుకయు అడుగున తేలిపోవును. యూరియా కల్తీ మాత్రము ఇంట పట్టువడదు. నత్రజనిని కొలిచి మాంసకృత్తులను లెక్కగట్టు సాధారణ పరీక్షయు దానిచే మోసపోవును. యూరియాను వేరుగా పరీక్షింపవలెను.

అట్లని పచ్చి వ్యర్థమును కోళ్ళ ముందు వేయరాదు. దానివెంట రోగక్రిములు వచ్చును. కొన్ని జాతుల పచ్చి చేపలలో బి1 విటమినును నాశనము చేయు పదార్థమున్నది. బాగుగా ఉడికించిన అది నశించును. మార్కెట్టంతటి వ్యర్థమునకు మరొక ఉపాయము కలదు. మెత్తగా నూరి నూటికి 3 పాళ్ళు ఫార్మిక్ ఆమ్లము కలిపినచో కొన్ని దినములలో అది జావయగును, కుళ్ళక నిలుచును. తవుడులో కలిపి ఎండబెట్టి దాణాలో చేర్చవచ్చును. ఆమ్లము చర్మమును కాల్చునది గనుక అది ఇంట చేయదగిన పని కాదు.

మిగిలిన అయిదు పిల్లలకు నూకలు, తవుడుతో పాటు ఉప్పులేక ఉడికించిన చేపతలలు పెట్టి పెంచితిమి. అవి గ్రుడ్లు పెట్టసాగిన పిమ్మట అట్టులో చేపవాసన వచ్చుచున్నదని ఇంట ఆక్షేపణ వచ్చినది. చేపను సగమునకు తగ్గించితిమి, వాసన పోయినది.