కేక వేయుటయే నాయకత్వమా?



ఆటగాండ్రపై కేకలు వేసినంతనే జట్టునకు జయము సిద్ధించునా? 1951లోను, 1962లోను భారత ఫుట్‌బాల్ జట్టునకు ఆసియా క్రీడల స్వర్ణము సాధించిన శిక్షకుడు, హైదరాబాదు వాస్తవ్యుడు సయ్యద్ అబ్దుల్ రహీం. పూర్వాశ్రమమున ఆయన బడిపంతులు. ఈ ప్రశ్నకు సమాధానము ఆయన చరిత్రయందే కలదు.

1962 సెప్టెంబరు 4వ తేదీన జకార్తాలో దక్షిణ కొరియాతో తుదిపోటీ జరిగెను. రాజకీయ కారణములచే ప్రేక్షకులు మనవారిని గేలిచేయుచుండిరి. ఆ హోరులో శిక్షకుని కేక ఎవరికి వినబడును? రహీం చేయవలసినది ముందే చేసియుండెను. థాయిలాండుతో ఆటలో తలకు గాయమైన వెనుకవరుస ఆటగాడు జర్నైల్ సింగును ముందువరుసకు మార్చెను. అతడును, తూర్పు రైల్వే ఆటగాడు పి.కె. బెనర్జీయు చెరియొక గోలు చేయగా భారతము 2–1తో గెలిచెను.

అన్ని కేకలును వ్యర్థములు కావు. ప్రత్యర్థి వెనుకనుండి వచ్చుచున్నాడని హెచ్చరించు కేక ఉపకారమే. తప్పిన బంతికై నిందించు కేక మాత్రము ఆటగానిని మరుసటి బంతి నందుకొనుటకు జంకునట్లు చేయును. కార్యాలయములందును ఇంతే: పదుగురిలో గద్దింపబడిన గుమాస్తా మరుసటి తప్పును దాచును.

కావున నాయకుని మాట ఆటకు ముందు తీరికగను, ఆటలో క్లుప్తముగను, తప్పు జరిగినపుడు ఏకాంతముగను ఉండవలయును.