పొగ మానితేనే పంటికి మందు

 

ఈ రాత్రి మన అమీన్‌పూర్ చదువు కేంద్రంలో పళ్ళ సంగతి మాట్లాడుకుందాం.

మా బాబాయి పటాన్‌చెరులో ఫ్యాక్టరీ పని చేస్తాడు. నైట్ డ్యూటీలో నిద్ర ఆపుకోవడానికి బీడీ మరిగాడు. రోజుకు ఒక కట్ట.

రెండేళ్ళ కింద ఆయన పన్ను ఒకటి కదిలింది. "నాకు ఏనాడూ నెత్తురు రాలేదు. నా ఇగుళ్ళు గట్టివే. ఇదేంది బిడ్డా?" అన్నాడు. పళ్ళ డాక్టరు చూసి, చిగుళ్ళ జబ్బు ముదిరిందన్నారు.

మరి నెత్తురు ఎందుకు రాలేదు?

పళ్ళ మొదట్లో పాచి చేరుతుంది. అది గట్టిపడి గార అవుతుంది. పాచిలోని క్రిముల వల్ల చిగుళ్ళు వాస్తాయి. తోముకుంటే నెత్తురు కనబడుతుంది. అది మనకు హెచ్చరిక. పొగాకులో నికోటిన్ ఉంటుంది. అది చిగుళ్ళలోని సన్నని రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. అందుకని నెత్తురు అంతగా రాదు. లోపల పంటిని పట్టుకున్న ఎముక మాత్రం కరుగుతూనే ఉంటుంది. ఫ్యాక్టరీలో మంట లేచినా సైరన్ మోగనట్టు!

డాక్టరు గార తీశారు. చిగుళ్ళ లోపల శుభ్రం చేశారు. బీడీ మానమన్నారు. బాబాయి మానలేదు. "పళ్ళు కడిగించుకున్న గదా, చాలు" అన్నాడు. ఆరు నెలలకు ఇంకో రెండు పళ్ళు కదిలాయి. మొదటిది పీకించుకోవలసి వచ్చింది.

తప్పు వైద్యానిది కాదు. చిగురు మానాలంటే దానికి నెత్తురు బాగా అందాలి. ఒంట్లో క్రిములతో పోరాడే శక్తి ఉండాలి. పొగ ఈ రెండింటినీ దెబ్బ తీస్తుంది. పొగ తాగేవారికి చిగుళ్ళ జబ్బు వచ్చే ప్రమాదం రెండింతలు. వైద్యం చేయించుకున్నా గుణం తక్కువ.

అప్పుడు బాబాయి బీడీ మానాడు. కొద్ది వారాలకు తోముకుంటుంటే నెత్తురు వచ్చింది. "చూసినవా, మానితేనే రోగం వచ్చింది" అని మళ్ళీ బీడీ ముట్టించబోయాడు. మా చిన్నమ్మ కట్ట గుంజుకుంది. డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. "భయపడకండి. చిగుళ్ళకు నెత్తురు మళ్ళీ అందుతున్నది. దాగిన జబ్బు బయటపడింది. తోముడు ఆపకండి. మళ్ళీ శుభ్రం చేద్దాం" అన్నారు డాక్టరు.

ఈ మాట గుర్తుంచుకోండి. పోయిన ఎముక మునుపటిలా తిరిగి రాదు. కాని ఉన్న పళ్ళను కాపాడుకోవచ్చు.

బీడీ బదులు ఖైనీ పెట్టుకుంటే? అదీ పొగాకే. పెట్టుకున్న చోట చిగురు పంటిని విడిచి జారిపోతుంది.

మానడం కష్టమే. కాని సాయం ఉంది. 1800-11-2356కు ఫోను చేయండి. డబ్బులు పడవు. పొగాకు మానే దారి చెబుతారు. పళ్ళు చూపించుకోవడానికి హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య ఆసుపత్రి ఉంది.

ఇంటికి పోయి క్యాలెండరు తీయండి. మానే రోజు మీద మీ చేత్తో "మానాను" అని రాయండి. నేర్చుకున్న అక్షరం ఇందుకూ పనికిరావాలి. మా బాబాయి అట్లే రాసుకున్నాడు. ఆ క్యాలెండరు ఇంకా మా గోడకే ఉంది.

సెలవు.