తల్లిపాలు, జన్యువులు, మన పిల్లల చదువు



‘వాళ్ల జాతికి చదువు అబ్బదు’ అనే మాట మనం వింటూనే ఉన్నాం. జన్యుశాస్త్రం ఆ మాట అనదు. తల్లిపాల వల్ల తెలివికి కలిగే మేలును ఎఫ్‌ఏడీఎస్‌2 అనే జన్యువుతో ముడిపెడుతూ 2007లో ఒక పరిశోధన వచ్చింది. తర్వాతి పరిశోధనలు దాన్ని పూర్తిగా బలపరచలేదు. బెలారస్‌లో మాత్రం 31 ఆసుపత్రులు తీసుకుని, సగం చోట్ల తల్లులకు పాలివ్వడంలో తోడ్పడ్డారు. అక్కడి పిల్లలు ఆరున్నరేళ్లకు మాటల పరీక్షల్లో ముందున్నారని 2008లో తేలింది. తేడా తెచ్చింది తల్లికి అందిన తోడే.

గుంటూరు, ప్రకాశం మిరప కోతలకు వెళ్లే మన బాలింతలకు 26 వారాల ప్రసూతి సెలవు అందదు. ఆ తోడు మనమే అవుదాం. ముర్రుపాలు పారబోయనివ్వొద్దు. ఆరు నెలలూ తల్లిపాలే పట్టిద్దాం. ముఠా మేస్త్రీతో మాట్లాడి పాలిచ్చే సమయం ఇప్పిద్దాం. బిడ్డకు చేను పక్కన నీడ, తల్లి చేతుల ఘాటు కడుక్కోవడానికి సబ్బు, నీళ్లు మనం చూద్దాం.