మిద్దె మీద పొదుపు

పొదుపు అనగా కొనవలసిన వస్తువును కొనకుండ మానుట అని మనలో చాలమంది తలంతురు. ఇంటి విషయములో అది సగము మాత్రమే నిజము. కొన్న సొమ్ముకంటె, మన కన్నుగప్పి ఇంటినుండి వెలుపలికి పోవుచున్న సొమ్ము ఎక్కువ. మిద్దె మీద పడిన వాననీరు గొట్టము గుండ వీధిలోనికి పోవును. వంటింటి తొక్కలు, ఆకులు చెత్తబండిలోనికి పోవును. ఎండ మాత్రము వెలుపలికి పోక స్లాబు గుండ లోనికి దిగి, పంకా బిల్లుగా మారును. ఈ మూడింటిని గృహస్థు తన చేతులతో, పాత సామాను తోడ్పాటుతో ఎట్లు దారికి తెచ్చుకొనవచ్చునో నేడు ముచ్చటింతును. హైదరాబాదు తూర్పు దిక్కున నున్న చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్.బి.నగర్ కాలనీల వారిని మనసునందుంచుకొని ఈ మాటలు చెప్పుచున్నాను.

2018 సెప్టెంబరులో మెట్రో రైలు ఎల్.బి.నగర్ వరకు వచ్చినది. చైతన్యపురి స్టేషనులో నిలబడి చుట్టు చూచినచో మన మిద్దెల బాగోగులు ఒక్క చూపున తెలియును. నల్లని నీటి ట్యాంకులు, విరిగిన కుర్చీలు, ఎండకు పెళుసెక్కిన బకెట్లు, పిట్టగోడ కానించిన పాత తలుపులు. ఇంటిలో అన్నిటికంటె విశాలమైన గది అదియే. దానికి పైకప్పు లేదన్న ఒక్క కారణమున దానిని మనము గదిగా లెక్కింపము.

ఇక ఈ నేల వాలును తలచుకొనుడు. దక్షిణమున సరూర్‌నగర్ చెరువు. అది 1626లో తవ్వించినదని చెప్పుదురు. ఉత్తరమున మూసీ నది. చెరువు నిండి పొరలిన నీరు నదిని చేరవలెనన్న, నడుమ నున్న కాలనీలను దాటియే పోవలెను. 2020 అక్టోబరు 13వ తేదీన ఘట్‌కేసర్, హయత్‌నగర్ ప్రాంతములలో ఒక్క దినమున 30 సెంటీమీటర్లకు అటునిటుగా వాన కురిసినది. చెరువు దిగువనున్న కోదండరామ్‌నగర్ వంటి కాలనీలలో ఇండ్లు నీట నానినవి. వీధులలో పడవలు తిరిగినవి. ఇదే ప్రాంతమున వేసవి వచ్చిన, బోరుబావులు అడుగంటి ట్యాంకరు కొరకు ఎదురుచూచు ఇండ్లు ఎన్నో కలవు. ఒకే వీధికి ఒక ఋతువున పడవ, మరొక ఋతువున ట్యాంకరు!

లెక్క వేసి చూతము. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడిన ఒక లీటరు నీరగును. వంద గజముల మిద్దె సుమారు 84 చదరపు మీటర్లు. హైదరాబాదులో ఏడాదికి దాదాపు 800 మిల్లీమీటర్ల వాన కురియును. అనగా ఒక్క మిద్దె మీద 67,000 లీటర్లు. ఆవిరియై పోవునది, చిమ్మి పోవునది ఐదవ వంతు తీసివేసినను 53,000 లీటర్లు మిగులును. ట్యాంకరుకు 5,000 లీటర్ల చొప్పున పది ట్యాంకర్లు! ఇదంతయు మనము పట్టుకొనగలమని నేననను. పదింట ఒకటి రెండు ట్యాంకర్లయినను మన గుమ్మము దాటకుండ ఆపగలిగితే, చేసిన ఖర్చు మొదటి ఏడాదిలోనే తీరును.

పని మొదట 200 లీటర్ల పీపాతో ఆరంభింపుడు. పాత సామాను అంగళ్లలో ఇవి దొరకును గాని, కొనునప్పుడు ఇంతకుముందు అందులో ఏమి పోసిరో అడుగుడు. రసాయనములు నిలువ చేసిన పీపాను ఉచితముగ ఇచ్చినను తేవలదు. పండ్లరసములు, నూనెలు పోసినది శ్రేష్ఠము. మిద్దెనుండి దిగు గొట్టమును పీపా కంటె జానెడు ఎత్తున కోసి, వంపు ముక్క తగిలించి, నీరు పీపాలోనికి పడునట్లు చేయవలెను. పీపా మూతికి మొదట దోమతెర జాలి, దానిపై రెండు మడతల పాత చీరగుడ్డ బిగించి కట్టుడు. అడుగునుండి నాలుగు వ్రేళ్ల ఎత్తున ఒక నల్లా, పై అంచు దగ్గర పొరలు నీరు పోవుటకు ఒక గొట్టము అమర్చుడు. పీపాను రెండు వరుసల ఇటుకల మీద నిలిపినచో నల్లా క్రింద బకెట్టు పట్టును. నిండిన పీపా రెండు క్వింటాళ్ల బరువు. క్రింద నేల గట్టిగా ఉండవలెను.

వాన పడిన మొదటి పది నిమిషముల నీటిని పీపాలోనికి పోనీయరాదు. పావురముల రెట్ట, దుమ్ము, ఎండుటాకులు అందులోనే ఉండును. వంపు ముక్కను జిగురుతో అతికింపక వదులుగా ఉంచినచో, చేతితో త్రిప్పి ఆ నీటిని వెలుపలికి మళ్లింపవచ్చును. ఈ నీరు మొక్కలకు, నేల కడుగుటకు, బట్టల మొదటి జాడింపుకు మాత్రమే, త్రాగుటకు కాదు. డెంగీ దోమ గ్రుడ్లు పెట్టునది ఇటువంటి తేటనీటిలోనే గనుక, జాలి ఎక్కడనైన చిరిగినదా అని వారమున కొకసారి చూడవలెను.

పీపా నిండి పొరలిన నీటికి ఇంకుడు గుంత కావలెను. నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల లోతు చాలును. అడుగున సగము వరకు పెద్ద కంకర, దానిపై చిన్న కంకర, పైన జానెడు మందము దొడ్డు ఇసుక పోసి, మీద ఒక అడుగు ఖాళీ విడువుడు. ఇట్టి గుంత ఒక్కసారికి వెయ్యి లీటర్లకు అటునిటుగా పట్టుకొని, నెమ్మదిగా భూమికి అప్పగించును. పునాదికి, మరుగుదొడ్డి తొట్టికి దూరముగ త్రవ్వవలెను. చెరువు దిగువనుండి ఏటేట నీరు నిలుచు వీధులలో ఇల్లున్నవారు ఈ పని చేయకుండుటయే మంచిది. అక్కడి నేల వానకాలమున ముందే నిండియుండును. పైగా మురుగు కాలువ పొంగిన నీరు గుంతలోనికి దిగి బోరును చెరచును. అట్టివారికి పీపాయే చాలును. 2020 నాటి వాన మరల వచ్చిన, వంద గజముల మిద్దె మీద ఒక్క దినములోనే 25,000 లీటర్లు పడును. వెయ్యి లీటర్ల గుంత దానిని ఆపునని ఎవరైన చెప్పిన నమ్మవలదు. అది నాలాలను, చెరువులను కాపాడవలసినవారు చేయవలసిన పని. మన గుంత మామూలు వానల కొరకు.

ఎండ సంగతికి వత్తము. 2023లో తెలంగాణ ప్రభుత్వము చల్లని పైకప్పుల విధానమును ప్రకటించినది. తెల్లని కప్పు ఎండను త్రిప్పి పంపును. క్రింది గది రెండు మొదలు ఐదు డిగ్రీల వరకు చల్లబడవచ్చును. దానికి విలువైన రంగులు అక్కరలేదు. పొడి సున్నమును రాత్రి నానబెట్టి, ఉదయము పలుచని గుడ్డతో వడియగట్టి, చిక్కని మజ్జిగవలె కలిపి, వడ్రంగులు వాడు తెల్లని జిగురు కొంత చేర్చి, ఊడ్చి కడిగిన మిద్దెపై సాయంవేళ రెండు పూతలు పూయుడు. మొదటి పూత నిలువుగను, రెండవది అడ్డముగను ఉండవలెను. కంటిలో చిందకుండ జాగ్రత్త వహింపుడు. పిల్లలను దగ్గరకు రానీయకుడు. ఈ పనిని మార్చి నెలలోనే ముగింపవలెను. ఆలస్యమైనచో పచ్చి సున్నము జూన్ వానకు కరిగి పీపాలోనికి దిగును. ఆ నీరు మొక్కలకు పనికిరాదు.

తోట కొరకు కొత్త కుండీలు కొనుట నాకు వింతగా తోచును. ఇంటికి రంగులు వేయించిన ప్రతి గృహస్థు వద్దను ఇరువది లీటర్ల డబ్బాలు మిగులును. నీటితో కలియు రంగుల డబ్బాలను కడిగి వాడవచ్చును. నూనె రంగులవి వలదు. కొత్తపేటలోని గడ్డిఅన్నారము పండ్ల మార్కెట్టు ఉన్న దినములలో, మామిడి, ఆపిలు పండ్లు దిగిన చెక్కపెట్టెలు ఈ చుట్టుప్రక్కల వారికి కొదువ లేదు. 2021లో ఆ మార్కెట్టు బాటసింగారమునకు తరలిపోయినది. నేడు పెట్టె కావలసినవారు వీధి చివరి పండ్ల అంగడివానినే అడుగవలెను, సాధారణముగ కాదనడు. పెట్టె లోపల గోనెసంచి పరచి, అడుగున ఖాళీలు విడిచి, మూలల క్రింద ఇటుక ముక్కలు పెట్టుడు. అడుగు తగిలియున్న చోట తడి ఆరక స్లాబు చెడును.

అన్నిటికంటె ముఖ్యము బరువు. ఒక ఘనపుటడుగు తడిమట్టి 45 మొదలు 50 కిలోలు తూగును. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగు లోతు గల పెట్టెను మట్టితో నింపిన క్వింటాలున్నర! అట్టి పెట్టెలను గది నడినెత్తిన వరుసగా పేర్చరాదు. క్రింద దూలము, గోడ ఉన్న అంచుల వెంబడి పెట్టవలెను. మట్టి, కొబ్బరి పొట్టు, ఎరువు సమభాగములుగ కలిపి, పిడికెడు వేపపిండి చేర్చినచో బరువు చాలవరకు తగ్గును. కథకులు తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు నగరమునకు తూర్పుననే నారపల్లిలో తమ ఇంటి పైన కూరగాయలు పండించి, మిద్దెతోటను గూర్చి పుస్తకమే వ్రాసిరి. కొత్తవారు అంత దూరము పోనక్కరలేదు. తోటకూర, మెంతి, పాలకూర, గంగవాయిలితో మొదలిడుడు. మెంతి మూడు వారములకు, తోటకూర నెలకు వంటింటికి వచ్చును. అవి చేతికి వచ్చిన పిమ్మట పిట్టగోడ ప్రక్కన పాత తాడుతో పందిరి కట్టి బీర, సొర పెట్టవచ్చును.

ఎరువును కొనవలదు. అంగడిలో పగిలిపోయినదని ప్రక్కన పెట్టిన మట్టికుండకు నాలుగు వైపుల రంధ్రములు చేసి, కూరగాయల తొక్కలు ఒక పాలు, ఎండుటాకులు రెండు పాళ్లుగా పొరలు వేయుడు. రెండు దినముల కొకసారి కలియబెట్టి, అప్పుడప్పుడు పుల్లమజ్జిగ చిలకరించిన రెండు నెలలకు నల్లని ఎరువగును. పురుగు కనబడినచో భయపడి పారవేయకుడు. తడి ఎక్కువైనదని అర్థము. మరికొంత ఎండుటాకు వేసిన సరిపోవును. వండిన అన్నము, మాంసము మాత్రము వేయరాదు, ఎలుకలు చేరును.

అద్దె ఇంటి వారు గుంత త్రవ్వలేరు, సున్నము వేయుటకు యజమాని ఒప్పుకొనకపోవచ్చును. పీపా, డబ్బాలు, కుండ మాత్రము ఇల్లు మారునప్పుడు బండి ఎక్కించి తీసికొనిపోవచ్చును. పోవునప్పుడు విత్తనము మరువకుడు. ప్రతి పెట్టెలోను ఒక బలమైన మొక్కను కోయక ముదరనిచ్చి, గింజలను నీడన ఆరబెట్టి, బూడిద కలిపి సీసాలో మూత బిగించి, పైన పేరును నెలను వ్రాసి ఉంచుడు. మృగశిర కార్తె తొలివాన పడిన మరునాడు ఆ సీసా విప్పవచ్చును.