బాణపు మొనలు పట్టుకోండి

  

బాణాలు పట్టుకొని మస్జిదులోనో బజారులోనో నడిచేవాడు వాటి మొనలను తన చేతితో పట్టుకోవాలని, ఎవరికీ గాయం కాకూడదని దైవప్రవక్త (స) ఆదేశించినట్లు సహీహ్ బుఖారీలో ఉంది. ఒరలో లేని ఖడ్గాన్ని ఒకరి చేతికి అందించటాన్ని కూడా ఆయన వారించారు. ఆయుధం లేనిదే ఇల్లు కదలలేని కాలమది. అయినా ఆయుధధారి సౌకర్యం కన్నా దారిన పోయేవాని దేహానికే ఆయన ఎక్కువ విలువనిచ్చారు.

అమెరికాలో ఈ క్రమం తలక్రిందులైంది. ఆయుధం కలిగివుండే హక్కు 1791లో ఆ దేశ రాజ్యాంగంలో చేరింది. నేడు అక్కడ మనుషుల కన్నా తుపాకులే ఎక్కువ. 1966లో టెక్సాస్ విశ్వవిద్యాలయ గోపురం పైనుండి ఒకడు జనాన్ని కాల్చాడు. 2012లో శాండీహుక్ పాఠశాలలో 20 మంది పసిపిల్లలు, ఆరుగురు పెద్దలు హతులయ్యారు. 2023 మే 6న టెక్సాస్‌లోని అలెన్ పట్టణంలో ఎనిమిది మంది తూటాలకు మరణించారు. వారిలో హైదరాబాదుకు చెందిన యువ ఇంజనీరు ఒకరు. ఒకప్పుడు గల్ఫ్‌కు మాత్రమే వెళ్ళిన రాజోలు, కొత్తపేట బిడ్డలు నేడు ఆ దేశానికీ వెళుతున్నారు గనుక ఇది పరాయి వార్త కాదు.

2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రంలోని ఓలేథాలో కూచిభొట్ల శ్రీనివాస్ అనే తెలుగు ఇంజనీరు మిత్రునితో కలిసి కూర్చొని ఉన్నారు. ఒకడు వారి వీసా సంగతి నిలదీసి, తన దేశం విడిచి పొమ్మని అరిచాడు. బయటికి పంపివేస్తే తుపాకీతో తిరిగివచ్చి కాల్చాడు. శ్రీనివాస్ మరణించారు, మిత్రుడు గాయపడ్డారు. తరువాత ఆ హంతకుడు తాను ఇద్దరు ఇరానీయులను కాల్చానని చెప్పుకున్నాడు. సోదరులారా, ఈ మాట దగ్గర కాస్త ఆగండి. ముస్లిం దేశం వారనుకొని కాల్చిన తూటాకు ఒక హిందూ సోదరుడు బలయ్యాడు! వాణ్ణి ఆపబోయిన ఇయాన్ గ్రిల్లట్ అనే అమెరికా యువకుడు తానూ తూటా తిని, అల్లాహ్ దయవల్ల బ్రతికాడు. ఆ ఇద్దరూ అతనికి బంధువులు కారు.

మరో సంగతి దాచటం న్యాయం కాదు. 2016 జూన్‌లో ఆర్లాండో నగరంలో 49 మందిని చంపినవాడు ముస్లిం పేరు గలవాడే. వాడు మనవాడు కాడంటూ చేతులు దులుపుకోవటం సులభం. కాని ఒక ప్రాణాన్ని అన్యాయంగా తీయటం సమస్త మానవులను చంపటంతో సమానమని తెలిపే మాయిదా సూరా 32వ ఆయత్ హతుని మతమేమిటని అడగదు, నడవడి ఎలాంటిదనీ అడగదు.

మన ఊళ్ళో తుపాకులు లేవు, అల్‌హందులిల్లాహ్. అయినా 2022 మే 24న జిల్లా పేరు విషయమై అమలాపురంలో గుంపు చెలరేగి మంత్రి ఇంటికి, శాసనసభ్యుని ఇంటికి నిప్పుపెట్టింది. ఆ రోజు ఆ చేతుల్లో తుపాకులే ఉండివుంటే?

దుర్మార్గుడైన సోదరునికి సహాయం చేయటమంటే అతని చేయి పట్టి ఆపటమేనని ప్రవక్త (స) బోధించారు. టీకొట్టు దగ్గర ఒకడు ఒక కులాన్నో మతాన్నో మొత్తంగా దూషిస్తే, వాడు మన జమాఅత్‌వాడైనా సరే, అక్కడే ఆపండి. హుజురాత్ సూరా ఆదేశం ప్రకారం, విచారించని వార్తను, వీడియోను ఫోనులో ముందుకు పంపకండి.

పరదేశాల్లో ఉన్న మన బిడ్డలను, మన పొరుగువారి బిడ్డలను అల్లాహ్ కాపాడుగాక. ఆమీన్.