క్రీటు దీవిలో వేసవి భోజనము

గ్రీసు దేశమనగానే మనకు హోమరు కావ్యములును, సోక్రటీసు వాదములును, శిథిలమైన పాలరాతి స్తంభములును స్ఫురించును. ఆ దేశపు ప్రజలు నేడేమి తినుచున్నారో, మిట్టమధ్యాహ్నపు టెండలో ఏమి చేయుచున్నారో మనము విచారించుట అరుదు. ఒక జాతిని తెలిసికొనుటకు దాని గ్రంథములెంత అవసరమో, దాని వంటయిల్లును అంత అవసరము. క్రీటు దీవిలో కొన్ని వేసవులు గడపిన మేము, అచ్చట చూచినవి, తినినవి, వినినవి శ్రోతలకు నేడు విన్నవింపగోరుచున్నాము.

గ్రీసు దీవులలో క్రీటు మిక్కిలి పెద్దది. తూర్పునుండి పడమరకు సుమారు 260 కిలోమీటర్ల పొడవు. నడుమ వెన్నెముకవలె పర్వతశ్రేణి. అందులో ప్సిలోరిటిస్ శిఖరము ఎత్తు 2,456 మీటర్లు. ప్రాచీనులు దీనినే ఇడా పర్వతమనిరి. వారి దేవరాజగు జ్యూస్, శిశువుగా ఇచ్చటి గుహలో మేకపాలు త్రాగి పెరిగెనని గాథ. ఆ సానువులపై నేటికిని గొఱ్ఱెల మందలు మేయుచుండును. కాపరులు సున్నములేక రాతిపై రాయి పేర్చి కట్టుకొనిన గుండ్రని గుడిసెలును అచ్చటచ్చట కానవచ్చును. మనకు ఋతుపవనములు వానలు కురియించు జూన్, జూలై, ఆగస్టు నెలలలో అచ్చట చినుకు రాలుట మిక్కిలి అరుదు. ఉత్తరమునుండి వీచు ‘మెల్తేమి’ యను గాలియే ఆ నెలలలో జనులకు ఊరట.

ఎండనుబట్టియే వారి దినచర్య. పొలముపనులు తెల్లవారుజామున. మధ్యాహ్న భోజనము ముగిసిన పిమ్మట ఊరంతయు కునుకు తీయును. వేసవిలో మూడుగంటలు మొదలు అయిదున్నర వరకు ఇరుగుపొరుగువారి నిద్రకు భంగము కలిగించు సద్దు చేయరాదని నిబంధనయే కలదు. ప్రొద్దువాలగానే కుర్చీలు వీధిలోనికి వచ్చును. వృద్ధులు ‘కఫెనీయో’ యను కాఫీ అంగడి ముందు చేరి, అడుగున మడ్డి నిలిచిన చిన్నగిన్నెడు కాఫీని గంటసేపు త్రాగుదురు. రాత్రి భోజనము తొమ్మిదింటికో పదింటికో, అదియు ఆరుబయటనే.

ఆ భోజనమున మొదట చెప్పదగినది యవల రొట్టె. దీనిని ఒకమారు కాల్చి, ముక్కలు చేసి, తేమ యంతయు పోవునట్లు మరల పొయ్యిలో ఎండబెట్టుదురు. అది రాయివలె గట్టిపడి నెలల తరబడి నిలువయుండును. కాపరియు నావికుడును మూటగట్టుకొనిపోయిన ఆహారమిది. తినబోవునపుడు కొంచెము నీటితో తడిపి, పైన తురిమిన టమాటాను, ‘మిజిత్రా’ యను మెత్తని జున్నును ఉంచి, ఆలివు నూనె ధారగా పోయుదురు. దీని పేరు ‘దాకోస్’. పొయ్యితో పనిలేని ఈ వంటకమునకు మించినది వేసవి మధ్యాహ్నమున వేరొకటి లేదని మాకు తోచినది.

తరువాతివి ఆకుకూరలు. ‘వ్లీతా’ యని వారు పిలుచునది మన తోటకూర జాతిదే. లేతకాడలతో ఉడికించి, నూనెయు నిమ్మరసమును పోసి వడ్డింతురు. మన గంగవావిలి కూరను వారు పచ్చిదిగానే పెరుగుతో కలిపి తిందురు. బెండకాయలను వ్రేలెడంతవే ఏరి, జిగురు విరుగుటకై పుల్లని వినెగరులో నానవేసి, టమాటాలతో నూనెలో మగ్గింతురు. బెండజిగురుతో మన గృహిణులు పడు పాట్లు ఆ గృహిణులకును ఉన్నవని తెలిసి మాకు ముచ్చట వేసినది.

వంటకములకన్న మమ్ము ఆకర్షించినది వారు తిను తీరు. పళ్ళెములన్నియు బల్ల నడుమ ఉంచి, అందరును తమ తమ ముళ్ళగరిటెలతో అందులోనుండియే తీసికొందురు. ఎవరి విస్తరి వారిది, ఎంగిలి కూడదు అను నియమముతో పెరిగిన మాకు ఇది మొదట కొంత ఇబ్బందియే. అయినను రెండుమూడు దినములలో దాని ఆంతర్యము తెలిసినది. ఆ బల్లచుట్టు చేరిన మిత్రమండలికి ‘పరేయా’ యని పేరు. ఏమి తింటిరని కాక, ఎవరితో తింటిరని అడుగుట అచ్చటి మర్యాద. భోజనాంతమున పూటకూలి యింటివాడు పుచ్చకాయ ముక్కలు తెచ్చి పెట్టును; దానికి వెల కట్టడు.

ఆగస్టు 1 మొదలు 14 వరకు మేరీమాత పండుగకు ముందటి ఉపవాసదినములు. నిష్ఠగలవారు మాంసము, పాలు, గ్రుడ్లు ముట్టరు. 15వ తేదీన పండుగ. ఊరి చావడిలో పొడవైన బల్లలు వేసి, మేకమాంసమును, ఆ రసములోనే వండిన అన్నమును వడ్డింతురు. ‘లీరా’ వాద్యము మ్రోగుచుండ, తాతలు, మనుమరాండ్రు చేతులు కలిపి తెల్లవారువరకు నాట్యమాడుదురు. పట్టణములకును పరదేశములకును వలసపోయినవారు ఆనాటికి ఊరు చేరుటకు ప్రయత్నింతురు.

ఈ భోజనమునకు లోకమున గొప్ప కీర్తి కలిగినది. 1950 దశకము చివర అన్సెల్ కీస్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ప్రారంభించిన ఏడు దేశముల పరిశోధనలో, గుండెజబ్బు మరణములు క్రీటు రైతులలో అత్యల్పమని తేలెను. 2010లో యునెస్కో సంస్థ మధ్యధరా ప్రాంతపు ఆహారరీతిని మానవజాతి వారసత్వముగా గుర్తించెను. కాని ఈ కీర్తికి వెనుక ఒక కథ కలదు. 1948లో రాక్‌ఫెల్లరు సంస్థవారు క్రీటులో ఇంటింటి ఆహారమును విచారించినపుడు, అనేకులు తమ తిండి చాలుటలేదనియు, మాంసము కావలెననియు చెప్పిరి. అప్పటికి యుద్ధము ముగిసి మూడేండ్లే. జర్మను ఆక్రమణకాలమున, 1941-42 శీతకాలమున గ్రీసు దేశమెల్ల ఆకలితో అలమటించినది. పొలముగట్ల ఆకులే అనేకుల ప్రాణములు నిలిపినవి. నేడు లోకము వైద్యముగా కొనియాడుచున్నది ఆనాటి లేమి నేర్పిన వంట.

ఒక కొండయూరిలో తోటకూర కోయుచున్న ముదుసలిని ఈ విషయమై అడిగితిమి. “మా అమ్మ మమ్ము ఈ ఆకులతోనే సాకినది. ఏది చేదో, ఏది విషమో, ఏది ఏ నెలలో కోయవలెనో నాకు చెప్పి పోయినది. నా మనుమలకు వీని పేర్లు సైతము రావు” అని ఆమె పలికినది. ఆమె మాటలను మాకు ఆంగ్లమున వినిపించినవాడు ఆ మనుమలలో ఒకడే. వేసవియంతయు సముద్రతీరపు హోటలులో కొలువు చేయువాడు. అతడు నవ్వుచు, “ఆకులు కోసిన జీతము రాదు గదా!” అనెను. ఆ ముదుసలి నవ్వలేదు.

అతని మాటను త్రోసివేయుటకు వీలులేదు. కోటి పైచిలుకు జనాభాగల గ్రీసునకు 2023లో మూడుకోట్లకు మించి యాత్రికులు వచ్చిరి. వారివలననే ఎన్నో ఇండ్లలో పొయ్యి వెలుగుచున్నది. వానలేని నెలలలో దీవుల మంచినీటికి కొరత పెంచునదియు, మెట్టపొలములనుండి యువకులను తీరమునకు లాగునదియు ఆ రద్దీయే. తీరమున అన్ని దేశముల వంటలును దొరకును. కొండపై ముదుసలి వండిన కూర తినువారు తగ్గుచున్నారు.

గ్రీకుభాషలో ‘క్సేనోస్’ అను ఒకే మాటకు పరాయివాడనియు, అతిథియనియు రెండర్థములు కలవు. వచ్చినవాడు వీనిలో ఏది యగునో కొంత అతని చేతిలోనే ఉన్నది. తనకు అలవాటైన తిండిని వెదకుకొనువాడు పరాయివాడుగనే మరలిపోవును. కొండయూరికి ఎక్కి, ఆ ఋతువున అచ్చట పండినదానిని, వారు తిను వేళకు, వారితో కలిసి తిని, దానికి తగిన మూల్యము చెల్లించువాడు అతిథి. అట్టి అతిథులు పెరిగిన, ఆకు పేర్లు నేర్చుటయు ఒక జీవనోపాధి కావచ్చును. ఆ మనుమడు అవ్వ వెంట పొలముగట్టునకు పోవచ్చును. అవ్వ ఉన్న దినములలోనే అది జరుగవలెను.